అరపైస చరిత్ర

1957 ఏప్రిలు 1వ తేదీ సోమవారము. ఆంధ్రప్రదేశము ఏర్పడి అప్పటికి సరిగా అయిదు మాసములు. ఆ ఉదయము మొదలుకొని రూపాయికి పదునారణాలను లెక్క చట్టమునుండి తొలగి, రూపాయికి నూరు నయాపైసలను లెక్క అమలులోనికి వచ్చినది. హిందూపురము సంతలో చింతపండో బెల్లమో రెండణాలకు కొన్నవాడు క్రొత్త నాణెములలో ఎంత యియ్యవలెను? రెండణాలనగా రూపాయిలో ఎనిమిదవ పాలు. నూటిని ఎనిమిదింట భాగించిన పండ్రెండున్నర. అర నయాపైస యను నాణెము లేదు. ప్రభుత్వమువారి మార్పిడి పట్టికలో రెండణాల కెదురుగా 12 అని యుండెను. తక్కిన అర యేమైనది?

నేటి నా ప్రసంగము ఆ అరపైసను గూర్చియే. ఇంత అల్పవస్తువునకు చరిత్ర యేమని మీరు నవ్వవచ్చును. గాని సంతలో పుట్టిన యీ చిక్కే గణకయంత్రములలో మరల పుట్టినది. ఒకే సంఖ్యను ఒక యంత్రము 12 అనియు, మరియొక యంత్రము 13 అనియు అచ్చువేయుచు ఏండ్లకొలది గడిచినవి. 2020లో గాని ఆ భేదము సవరింపబడలేదు. ఆ సవరణ యెట్టిదో తెలియవలెనన్న, ముందు మన కరణముల లెక్కలను కొంచెము తిరుగవేయవలెను.

బెంగుళూరు నుండి ఉత్తరముగా పోవు రైలుమార్గమున హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఒకదాని వెంట నొకటి వచ్చును. మూడును పూర్వము అనంతపురము జిల్లాలోనివి. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. పెనుకొండ యనగానే మనకు కోటయు, గగనమహలును జ్ఞప్తికి వచ్చును. 1565లో రక్కసి తంగడి యుద్ధమైన పిమ్మట విజయనగర ప్రభువులు రాజధానిని ఇచటికి మార్చుకొనిరి. గగనమహలును చూడబోవువారు రాజులను తలంతురు గాని లెక్కలు వ్రాసినవారిని తలంపరు. రాజులు మారిరి, లెక్కలు వ్రాసినవారు మారలేదు. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి దత్తము చేసెను. థామస్ మన్రో 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండి ఊరూర భూములు కొలిపించి శిస్తు నిర్ణయించెను. కొలిపించినది దొర, ఆ కొలతలను తరతరములుగా ఊరిలో నిలిపినవాడు కరణము.

కరణము పూర్ణసంఖ్యలను మనవలెనే పదులలో వ్రాసెను. భిన్నములకు వచ్చునప్పటికి మాత్రము పదిని విడిచి నాలుగును పట్టెను. ఒకటిలో నాలుగవ పాలు కాలు. కాలులో నాలుగవ పాలు వీసము, అనగా పదునారవ పాలు. వీసములో నాలుగవ పాలు కాని, అనగా అరువదినాలుగవ పాలు. రెండు కాళ్ళు అర, మూడు కాళ్ళు ముక్కాలు. రెండు వీసములు పరక, మూడు వీసములు మువ్వీసము. రెండు కానులు అరవీసము, మూడు కానులు ముక్కాని. ఇట్లు ప్రతి మెట్టును నాలుగింట భాగింపబడును.

వీనికి గుర్తులును కలవు. కాలు స్థానమున ఒకటి, రెండు, మూడు నిలువు గీతలు. వీసము స్థానమున ఒకటి, రెండు, మూడు అడ్డగీతలు. ఆ క్రింది స్థానమున మరల నిలువు గీతలు. నిలువు, అడ్డము మారిమారి వచ్చుటచేత ఏ గీత యే మెట్టుదో పొరబడుట కవకాశము తగ్గును. స్థానమున ఏమియు లేనియెడల సున్న వేయవలెను గదా! అడ్డగీతల స్థానమునకు మామూలు సున్నయే చాలును. నిలువుగీతల స్థానమునకు వేరొక గుర్తు, దానిపేరు హళ్లి. “హళ్లికి హళ్లి, సున్నకు సున్న” యని మనము నేటికిని వాడుచున్న మాట ఒక్కటే శూన్యమును రెండుమార్లు చెప్పుట గాదు. ఆ రెండును రెండు స్థానముల శూన్యములు. ఆ లెక్కలు పోయినను ఆ మాట నాలుకపై నిలిచినది.

ఇక రూపాయిని చూడుడు. పావలా యనగా కాలు. బేడ యనగా రెండణాలు, పరక. అణా యనగా వీసము. అణాలో నాలుగవ పాలు కాని. ఇచట పేరు సైతము మారలేదు. రూపాయి చిల్లరకు కరణముల భిన్నములకు ఇంత పొత్తు కుదిరినది. ఒక్క దమ్మిడి మాత్రము ఈ వరుసలో చేరదు. అణాకు పండ్రెండు దమ్మిడీలు గనుక కానిని మూడుగా కోయవలసి వచ్చును. మూడు చేరినచోట నాలుగుల క్రమము చెడును.

1957లో ఈ క్రమమంతయు నూటికి మార్చవలసి వచ్చినది. అణా ఒక్కింటికి ఆరుంపావు నయాపైసలు. పదునారణాలలో సరిగా మారునవి నాలుగు, ఎనిమిది, పండ్రెండు, పదునారు మాత్రమే. ఒక అణాకు 6, పావు పోయినది. మూడణాలకు పదునెనిమిదిం ముప్పావు గనుక 19, పావు వచ్చినది. అయిదణాలకు 31, ఏడణాలకు 44. ఇట్లు బేసి అణాలలో పోయిన పావులును వచ్చిన పావులును సరిపోవును. ఎవరికిని నష్టము లేదు. తగవంతయు రెండు, ఆరు, పది, పదునాలుగు అణాలయందే. అవి పండ్రెండున్నర, ముప్పదియేడున్నర, అరువదిరెండున్నర, ఎనుబదియేడున్నర. నేను కానులవరకును, దమ్మిడీలవరకును దిగి లెక్క చూచితిని; రూపాయి మొత్తములో సరిగా అరపైస మిగులు తావులు ఈ నాలుగే. పట్టిక వీనికి వరుసగా 12, 37, 62, 87 అని చెప్పినది. నాలుగు తావులందును అరను విడిచిపెట్టినది.

ఈ నాలుగింటిని కూడిన నిజమైన మొత్తము 200. పట్టిక ప్రకారము కూడిన 198. ఒకవేళ అరను ప్రతిసారి పైకి తీసికొనినచో 13, 38, 63, 88, మొత్తము 202. క్రిందికి దింపిన ఇచ్చువానికి లాభము, పైకెత్తిన పుచ్చుకొనువానికి లాభము. అర యెటు పోయినను ఎవరిదో ఒకరిది పోవును.

రెండు పైసలే గదా యందురేమో. ధర్మవరమున పట్టుమగ్గమునకు కండెలు చుట్టియిచ్చు ఒక స్త్రీకి పూటకు రెండణాల చొప్పున నాలుగు పూటల కూలి రావలసియున్నదనుకొందము. మొత్తము ఎనిమిదణాలు, అనగా 50 నయాపైసలు. ఏ పూటకాపూట పట్టిక చూచి యిచ్చినచో పండ్రెండు నాలుగులు 48. నూటికి నాలుగు తరుగు! పట్టిక తప్పు గాదు, కూడిక తప్పు గాదు. కూడుటకు ముందే మార్చుట తప్పు. మొత్తమును కట్టి పిమ్మట ఒక్కసారి మార్చినవానికి ఈ నష్టము కలుగదు. ఈ చిన్న సూత్రము తెలిసిన యజమానియు, తెలిసినను తెలియనట్లుండిన యజమానియు ఒకే పట్టికను గోడకు వ్రేలాడదీసికొనవచ్చును.

ఇపుడు గణకయంత్రము వద్దకు వత్తము. యంత్రమునకు తెలిసిన అంకెలు రెండే, సున్నయు ఒకటియు. దాని భిన్నములు అర, కాలు, పరక, వీసము అని ఎప్పటికప్పుడు సగమగుచు దిగును. శ్రోతలారా, ఇది కరణము మెట్లవరుస కాదా? రూపాయిలో ఏడణాలను కరణము ఒక నిలువు గీత, మూడు అడ్డగీతలుగా, ౹౾ అని వ్రాయును: ఒక కాలు, మూడు వీసములు. యంత్రము దానినే సున్న, ఒకటి, ఒకటి, ఒకటి అని నిలుపుకొనును. ఆ నాలుగంకెలను రెండేసిగా విడదీయుడు. మొదటి జత విలువ ఒకటి, రెండవ జత విలువ మూడు. కరణము గీసిన గీతలు యంత్రపు అంకెల జతలే. పెనుకొండ కరణమునకు యంత్రమును గూర్చి తెలియదు, యంత్రమును కట్టినవారికి కరణమును గూర్చి తెలియదు. సగము చేయుట యందఱికిని సులభము గనుక ఇద్దరును ఒకే దారిన నడచిరి. నేను దీనికి అంతకంటె గొప్ప కారణమును కల్పింపను.

అందుచేత అణాలు, కానులు యంత్రమున లోపము లేకుండ నిలుచును. నిలువనివి మన పైసలు. పదవ పాలు, అనగా పది పైసలు, సగములుగా ఎంత కోసినను తెగదు. ప్రస్తుతము విశేషముగా వాడుకలోనున్న పద్ధతిలో సంఖ్యకు 53 ద్వ్యంకముల పట్టు కలదు. ఆ పట్టులో పదవ పాలునకు మిక్కిలి సమీపమున నున్నదానిని యంత్రము పుచ్చుకొనును. దాని నిజస్వరూపము 0.1000000000000000055511 అని మొదలై యింకను సాగును. ఇట్లు బిందువు ఒకచోట నిలువక సంఖ్య పరిమాణమునుబట్టి జరుగు ఈ వ్రాతపద్ధతికి ఫ్లోటింగ్ పాయింటని పేరు. దీనికి 1985లో ఐఈఈఈ 754 అను ప్రమాణ మేర్పడినది. అందుకు ముఖ్యముగా పాటుపడిన బర్క్‌లీ ఆచార్యుడు విలియం కహాన్ 1989లో ట్యూరింగ్ పురస్కారము నందెను.

యంత్రము లోపల నున్న సంఖ్యను మనము చదువునట్లు పదుల లెక్కలో అచ్చువేయుట వేరొక పని. సి యను భాషను డెన్నిస్ రిచ్చీ 1970 ప్రాంతపు సంవత్సరములలో బెల్ ప్రయోగశాలలో నిర్మించెను. ఆ భాషతో కూడ సిద్ధముగా వ్రాసియుంచిన ఆజ్ఞల భాండాగార మొకటి వచ్చును. దానిని లైబ్రరీ యందురు గాని అందు పుస్తకము లుండవు. సంఖ్యలను అచ్చువేయుటకు అందలి ఆజ్ఞ ప్రింట్‌ఎఫ్. బిందువునకు తరువాత రెండంకెలు చాలునని చెప్పిన అది రెండంకెలే వేయును. రూపాయలు పైసలు వ్రాయువారికి కావలసినది అదియే.

ఈ పని చూచుటకు సులభము. పూర్వపు లైబ్రరీలు కొన్ని సంఖ్యను పదిచే హెచ్చించి ఒక అంకెను తీసి, మరల పదిచే హెచ్చించి ఇంకొక అంకెను తీసి, ఇట్లు నడిపించెడివి. ప్రతి హెచ్చింపునందును పట్టు చాలక కొసలు రాలును. రాలినవి పోగుపడి చివరి అంకెను చెరుపును. 1990లో గై స్టీల్, జాన్ వైట్ అను నిరువురు, సంఖ్యను తప్పులేకుండ, అవసరమైనన్ని అంకెలతోనే అచ్చువేయు ఉపాయమును ప్రకటించిరి. ఆ సంవత్సరమే విలియం క్లింగర్ తిరుగు మార్గమును, అనగా అచ్చులోని అంకెలను తప్పులేకుండ యంత్రములోనికి చదువు ఉపాయమును ప్రకటించెను. బెల్ ప్రయోగశాలలోని డేవిడ్ గే ఈ రెండు పనులకును ఆజ్ఞలు వ్రాసి అందఱికిని ఉచితముగా నిచ్చెను. పెక్కు లైబ్రరీలు వానిని గ్రహించినవి. పెద్ద పెద్ద పూర్ణాంకములతో లెక్కకట్టి ఒక్క కొసను గూడ రాలనీయకుండుట ఈ విద్యలోని ప్రాణము. ఆసు పోయునప్పుడు తెగిన పోగును వెదకి ముడివేయు ఓర్పువంటి ఓర్పు దీనికి వలయును.

కొసలు రాలకుండుట కుదిరినను అర తగవు తీరలేదు. రెండణాలు రూపాయిలో 0.125. ఇది యంత్రములో పూర్తిగా నిలుచు సంఖ్య. అందు సందేహము లేదు. దీనిని రెండంకెలతో అచ్చువేయుమన్న 0.12 వేయవలెనా, 0.13 వేయవలెనా? ఇది 1957 నాటి ప్రశ్నయే, అక్షరమైనను మారలేదు. గ్నూ వారి సి లైబ్రరీ 0.12 వేయును. మైక్రోసాఫ్టువారి లైబ్రరీ చిరకాలము 0.13 వేసెను. సంఖ్య సరిగా అయిదుతో ముగిసిన ప్రతిసారి పైకెత్తుట వారి ఆచారము.

ఐఈఈఈ ప్రమాణము ఇందుకు చెప్పిన నియమము వినదగినది. సరిగా సగమున నున్న సంఖ్యను, రెండువైపులలో ఏది సరిసంఖ్యయో ఆ వైపునకు చేర్చవలెను. ఆ ప్రకారము రెండణాలకు 12, ఆరణాలకు 38, పదణాలకు 62, పదునాలుగణాలకు 88. కూడి చూడుడు, 200. ఇంతకుముందు మన పట్టిక 198 చూపినది, పైకెత్తు ఆచారము 202 చూపినది. ఇది నిజమైన మొత్తమును చూపుచున్నది. ఒకసారి క్రిందికి, ఒకసారి పైకి పోవుటచేత అరలు ఒకదానినొకటి తీర్చుకొనినవి. అన్ని లెక్కలందును ఇంత చక్కగా కుదురుననుట గాదు. ఒకే వైపునకు ఒరుగు దోషము మాత్రము దీనికి లేదు.

2020లో వెలువడిన విండోస్ 10 వారి 2004 అను విడుదల మొదలుకొని, యంత్రమున పూర్తిగా నిలుచు సంఖ్యలను ప్రింట్‌ఎఫ్ ఈ నియమము ప్రకారమే అచ్చువేయునట్లు మైక్రోసాఫ్టువారు సవరించిరి. ఆ 2004 సంవత్సరము గాదు, విడుదలకు పెట్టిన గుర్తు. ప్రమాణము 1985 నాటిది, సవరణ 2020 నాటిది. నడుమ 35 సంవత్సరములు. సి భాష ప్రమాణగ్రంథము 1999లో సైతము, సరిగా సవరించి అచ్చువేయుట మంచిదని సూచించినదే గాని కట్టడి చేయలేదు. సూచనకు కట్టడికి గల దూరము మనకు క్రొత్త గాదు.

గ్నూ వారియందును ఒక లోపముండెను. ప్రమాణము ప్రకారము సంఖ్యను చేర్చుటకు నాలుగు దిక్కులు కలవు: సమీపమునకు, పైకి, క్రిందికి, సున్న వైపునకు. లెక్కకట్టువాడు తనకు వలసిన దిక్కును ముందుగా చెప్పవచ్చును. అచ్చువేయు ఆజ్ఞ మాత్రము ఆ మాటను చెవిని బెట్టక ఎల్లప్పుడు సమీపమునకే చేర్చుచుండెను. 2012లో దానిని సరిచేసిరి.

ఇక ఒక వేడుక. మన 1957 పట్టికను ఈ నాలుగు దిక్కులలో ఏదియు ఈయదు. సమీపమునకు చేర్చిన ఆరణాలు 38 యగును, పట్టికలో 37. సున్న వైపునకు చేర్చిన మూడణాలు 18 యగును, పట్టికలో 19. కావున పాతలెక్కలను యంత్రమున కెక్కించువాడు ప్రింట్‌ఎఫ్‌ను నమ్మి ఊరకుండరాదు. పట్టిక నియమమును తానే విడిగా వ్రాసికొనవలెను. మైక్రోసాఫ్టువారును ఇట్టి అవసరమును గుర్తించి, పూర్వపు పైకెత్తు ఆచారమే కావలెననువారు చేర్చుకొనుటకు ఒక చిన్న భాగమును సవరణతోపాటు ఉంచిరి. కొందరు దీనిని చాదస్తమందురు. నేను వారి పక్షమున లేను. ఒక వ్యాపారి పదియేండ్ల పద్దులు 13 ప్రకారము కట్టియుండగా, ఒక తెల్లవారి యంత్రము 12 వేయ మొదలుపెట్టిన, పాతపద్దునకు క్రొత్తపద్దునకు పొత్తు కుదరదు. తప్పును దిద్దుట ఎంత ముఖ్యమో, ఎన్నడు దిద్దితిమో చెప్పుటయు అంత ముఖ్యము.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. 2.675 ను రెండంకెలతో వేయుమన్న సరియైన యంత్రము సైతము 2.67 వేయును. సరిసంఖ్య నియమము ప్రకారము 2.68 రావలెను గదా, ఇది తప్పని పలువురు ఫిర్యాదు చేయుదురు. తప్పు గాదు. 2.675 యంత్రమున నిలువదు, నిలుచునది 2.67499999999999982 మొదలుగా గలది. అది సగమునకు క్రిందనే యున్నది గనుక 2.67 యే సరి. రెండణాల తగవు నిజమైన తగవు. ఇది మనము వ్రాసిన సంఖ్యకు యంత్రము పుచ్చుకొనిన సంఖ్యకు గల భేదము. రెంటిని ఒకటిగా తలంచి దిద్దబోయినవారు మంచి లైబ్రరీలను చెరుపుదురు.

కరణము ఏమైనాడో చెప్పలేదు. 1984లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము గ్రామాధికారుల ఉద్యోగములను రద్దు చేసెను. ఆ మరుసటి యేడే ఆయన హిందూపురము నుండి శాసనసభకు ఎన్నికయ్యెను. నాణెములలో పావలా 2011 జూను 29 వరకు చెల్లి, ఆపైన చెల్లుబడి తప్పినది. అప్పటికది కాలు రూపాయి యని పేరే గాని పాతిక పైసల బిళ్ళ.

గుర్తులు మాత్రము ఇంకొక త్రోవను బ్రతికినవి. లోకమందలి లిపులన్నిటికి యంత్రములలో స్థానము కల్పించు యూనికోడ్ సంస్థకు 2006లో వెన్న నాగార్జున మన భిన్నముల గుర్తులను గూర్చి ప్రతిపాదన పంపెను. 2008లో వెలువడిన 5.1 కూర్పున హళ్లియు, నిలువు గీతలు మూడును, అడ్డగీతలు మూడును, తూము గుర్తును తెలుగు అక్షరముల సరసన చేరినవి. ఇందాక ఏడణాలకు నేను చెప్పిన ౹౾ అను గుర్తులు ఈ పుస్తకమున అచ్చుపడుటకు కారణము అదియే.

అయినను ప్రింట్‌ఎఫ్‌కు ఈ గుర్తులు తెలియవు. ఏడణాలను అచ్చువేయుమన్న అది 0.4375 అని నాలుగంకెలు వేయును. రెండంకెలు చాలునన్న 0.44 వేసి నాలుగవ వంతు పైసను ఎక్కువగా చూపును. కరణము పద్ధతిలో అదే రెండు స్థానములలో ఏమియు రాలకుండ నిలుచును. ఆ రెండు గీతలను వేయు ఆజ్ఞ వ్రాయుట కష్టము గాదు: ద్వ్యంకములను రెండేసిగా తీసికొని, బేసిజతకు నిలువు గీతలు, సరిజతకు అడ్డగీతలు వేయుచు పోవలెను. నిలువుగీతల తావున ఏమియు లేకున్న హళ్లి వేయవలెను, అడ్డగీతల తావున సున్న వేయవలెను.